మర పట్టని పెన్ను

రమణమ్మత్త మా ఇంటికి వస్తే ముందు వచ్చేది ఎండు చేపల వాసన, వెనక వచ్చేది ఆమె. మొన్న కూడా అట్లాగే వచ్చింది. కంటి డాక్టరుకు చూపించుకుందామని మనవణ్ణి వెంటేసుకుని నెల్లూరు బస్సెక్కి, ఆస్పత్రి పని కాగానే మా ఇంట్లో దిగింది. నెత్తళ్ళ పొట్లం వంటింట్లో పెట్టించి, కాళ్ళు చాపుకుని కూర్చుని, బొడ్లో దోపుకున్న చిన్న గుడ్డమూట తీసి నా ఒళ్ళో పడేసింది. "మీ మామ పెట్టె సర్దుతుంటే దొరికిందిమే కాంతా. నీదే. నువ్వే పెట్టుకో" అంది. కోటయ్య మామ మా అమ్మకు తమ్ముడు, రమణమ్మత్త ఆయన భార్య. మామ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. మూట తడిమి చూశాను. విప్పాల్సిన పని లేకుండానే తెలిసిపోయింది, లోపల ఉన్నది మా నాయన చేసిన కర్ర పెన్ను. ఇట్లాంటప్పుడు ఎవరికైనా కళ్ళు చెమ్మగిల్లాలి. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మూట అట్లాగే బల్ల మీద పెట్టి, అత్తకు కాఫీ కలపడానికి లేచాను.

ఆ పెన్నుల మీద నా కోపం ఇప్పటిది కాదు. మిగతా ఆడపిల్లలు ఆదివారం పూట ఇసుకలో గవ్వలు ఏరుకుంటుంటే, గుంపుగా ఏటికి పోయి బట్టలు ఉతుక్కుంటూ నవ్వుకుంటుంటే, నేను వసారాలో గోనెపట్టా మీద కూర్చుని చిటికెన వేలంత కర్రముక్కకు ఆకురాయి పెట్టి గాడి తీస్తూ ఉండేదాన్ని. నా చిన్నతనంలో ఆదివారం అనేది ఒకటుందని నాకు పెళ్ళయ్యాక గాని తెలియలేదు. ఎందుకు తీస్తున్నానంటే, ముందు వారం తీసిన గాడి వదులైపోయింది గనుక. పై వారం ఎందుకు తీయాలంటే, ఇదీ వదులవుతుంది గనుక. ఇంతటి తెలివితక్కువ పని ఇంకొకటి నేను చూడలేదు.

మా ఊరు అల్లూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున. నాయన చెంగయ్య పడవలు కుట్టేవాడు. మా తట్టు ఆ రోజుల్లో పడవకు ఇనుప మేకు కొట్టేవాళ్ళు కాదు. పలకల అంచుల వెంట బెజ్జాలు వేసి, కొబ్బరి పీచు తాడుతో ఒకదానికొకటి కుట్టేవాళ్ళు. అలలు ఎత్తి ఒడ్డుకు కొట్టినా అట్లాంటి పడవ వంగుతుందే గాని విరగదు. కుట్టు చివర నాయన వేసే ముడి ఊళ్ళో ఇంకెవరికీ వచ్చేది కాదు. అందరి ముడికీ తాడు కొస బయటికి వేలాడుతుంది. నాయన ముడికి కొస కనపడదు, దాన్ని ముడి కడుపులోకే తిప్పి దాచేసేవాడు. చేపలవాళ్ళు చీకట్లో చేత్తో తడిమి, ఇది చెంగయ్య పడవ అని చెప్పేవాళ్ళు. ఒకరోజు ఎత్తులో ఉన్న పడవ దుంగల మీద నుంచి జారితే కింద ఉన్న నాయన తుంటి దెబ్బతినింది. లేచి తిరిగాడు గాని, పడవ కిందికి దూరి గొంతుకూర్చుని తాడు లాగే పని ఇంక ఆయన వల్ల కాలేదు.

కోటయ్య మామ ఉప్పు కొఠారులో బస్తాలు రాసుకునే గుమాస్తా. మంచివాడు, నోరు మాత్రం పెద్దది. నాయన లేచి తిరగడం మొదలుపెట్టిన నెలలోనే వచ్చి, "బావా, ఉప్పు గుట్టల కాడ కావలి మనిషి కావాలంట. నేను మాట చెప్పి పెట్టినా. కర్ర చేత పట్టుకోని మంచె మీద కూసోవడమే పని" అన్నాడు. అమ్మ ముఖం వెలిగింది. నాయన మాత్రం గంజి తాగుతున్న ముంత కింద పెట్టి, "కాకుల్ని తోలే పనికి నేనెందుకబ్బా, దిష్టిబొమ్మను పెట్టుకోండి" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో తగువంతా అదే. నాయన పనివాడుగా ఉండిపోతాడా, కావలివాడు అవుతాడా. అమ్మ గంపలో చేపలు వేసుకుని ఊళ్ళు తిరిగి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, ఆ మాటే మొదలుపెట్టేది.

పెన్ను సంగతి మామ చొక్కా వల్ల వచ్చింది. అప్పుడప్పుడే బాల్ పెన్నులు నెల్లూరు అంగళ్ళలోకి వచ్చాయి. మామ ఒకటి కొని, మూత పారేసుకుని, జేబంతా నీలం మరక చేసుకుని మా ఇంటికొచ్చాడు. నాయన ఆ పెన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "మూతెందుకు? తాబేలు తల మాదిరి ములుకు లోపలికి పోయేటట్టు చేస్తే పోలా?" అన్నాడు. తర్వాత తడికెల వెనక పడి ఉన్న గంగరావి దుంగ బయటికి లాగాడు. పడవకు మిగిలిన కర్ర అది. తాడుతో తిప్పే పాత తరిమెన ఒకటి మా ఇంట్లో ఉండేది, మంచంకోళ్ళు గుండ్రంగా చెక్కడానికి. దాని మీదే మొదటి పెన్ను తయారైంది.

దాని లోపలి పని చెబుతాను, ఆ తర్వాత దాన్ని ఎందుకు తిడుతున్నానో మీకే తెలుస్తుంది. పెన్ను రెండు ముక్కలు. వెనక ముక్కలో నుంచి ఒక సన్న కర్ర కడ్డీ ముందు ముక్కలోకి వస్తుంది. రీఫిల్ ఆ కడ్డీ కొనకు గుచ్చి ఉంటుంది. కడ్డీ చుట్టూ మెలికలు తిరిగిన గాడి. ముందు ముక్క గోడలో నుంచి ఒక వెదురు ముల్లు లోపలికి పొడుచుకుని ఆ గాడిలో కూర్చుంటుంది. వెనక ముక్కను అటు తిప్పితే గాడి వెంట ముల్లు నడిచి కడ్డీ ముందుకొస్తుంది, ములుకు బయటికొస్తుంది. ఇటు తిప్పితే లోపలికి పోతుంది. ఇదే మర. అంతా కర్రే, ఎక్కడా ఇనుము లేదు, ఇత్తడి లేదు. "ఇత్తడి గొట్టం ఒకటి తొడగరాదా నాయనా?" అని నేనే అడిగాను. "కర్రను కర్రే పట్టాల. ఇనుము పెట్టి నిలబెట్టేదానికి నేనెందుకు?" అన్నాడు. పీచు తాడు లాగి లాగి కాయలు కాచిన ఆయన వేళ్ళకు ఆ కడ్డీ పట్టుబడేది కాదు. కనుక గాడి తీసే పని నాది. కడ్డీకి దారం మెలికలుగా చుట్టి, దారం వెంట కాటుకతో గుర్తు పెట్టి, దారం తీసేసి ఆ గుర్తు మీద ఆకురాయితో రాకేదాన్ని. విసుగొచ్చి ఒకసారి, "ఈ గాడి బాధ నాకెందుకు, నీ ముడి నేర్పు నాయనా" అన్నాను. "పడవ ముడి ఆడబిడ్డకెందుకు? పెన్ను చెయ్యి, సదువుకునేవాళ్ళతో పనుంటాది" అన్నాడు.

వానాకాలంలో చేసిన పెన్నులు బ్రహ్మాండంగా ఉండేవి. తిప్పితే మెత్తగా తిరిగేవి, రాస్తే ములుకు కదిలేది కాదు. మునసబుగారు ఒకటి తీసుకున్నారు, బడి పంతులుగారు ఒకటి, చేపల వ్యాపారం చేసే రాగయ్య ఒకటి. నాయన ముఖం చూడాలి అప్పుడు! సంక్రాంతి దాటి ఎండ ముదిరేసరికి ఒక్కొక్కరే మా వాకిట్లోకి రావడం మొదలుపెట్టారు. కర్ర ఎండిపోయి కడ్డీ సన్నబడింది, గాడిలో ముల్లు పట్టు తప్పింది. కాగితం మీద ఆనిస్తే చాలు, ములుకు లోపలికి పోతుంది. "ఏం చెంగయ్యా, నీ పెన్నుకు సిగ్గెక్కువ. రాయమంటే లోపలికి పొయ్యి దాక్కుంటాది" అన్నాడు రాగయ్య. నాయన నవ్వలేదు. నాకు మాత్రం నవ్వొచ్చి, ఆ నవ్వుకు ఒక ఆదివారం అదనంగా పోగొట్టుకున్నాను.

ఇక్కడే మా నాయన, పడవలవాడు తప్ప ఇంకెవరూ చేయని పని చేశాడు. పడవను కొన్నాళ్ళు ఒడ్డున ఎండలో పెడితే పలకలు ఎండి సందులు పడతాయి. సముద్రంలోకి దించే ముందు దాన్ని నీళ్ళలో నానబెడతారు. కర్ర నీళ్ళు తాగి ఉబ్బితే సందులు వాటంతట అవే మూసుకుంటాయి. నాయన వదులైన పెన్నులన్నీ తీసుకుని ముంతలో నీళ్ళు పోసి అందులో వేశాడు! తెల్లారి తీస్తే మర గట్టిగా పట్టింది. "చూసినావా? కర్రకు కావాల్సింది ఇదే" అని పెన్నులు తుడిచి పంపించాడు. మూడో నాటికి అన్నీ తిరిగొచ్చాయి, ముందుకంటే వదులై. మళ్ళీ నీళ్ళు. మళ్ళీ వదులు. ఉబ్బిన ప్రతిసారీ గాడి అంచులు నలిగిపోతున్నాయని, గాడి తీసిన నా వేళ్ళకు తెలుస్తూనే ఉంది. "పడవ నీళ్ళలో ఉంటాది, పెన్ను జేబులో ఉంటాది నాయనా" అని చెప్పాను. "ఏ కర్రయినా కర్రే, గమ్మునుండు" అన్నాడు.

నీళ్ళతో కాకపోతే సొరచేప నూనె. అది కాకపోతే గుగ్గిలం. అదీ కాకపోతే పడవ సందుల్లో కూరే పీచు, నూలుపోగంత సన్నంగా చీల్చి. ఒక్కటంటే ఒక్కటి నిలవలేదు. మా అమ్మ నీళ్ళ కడవ కింద తడి ఇసుక ఉండేది. ఆ ఇసుకలో నాయన పెన్నులు వరసగా గుచ్చి పెట్టేవాడు, చెమ్మ తగులుతుందని. అమ్మ నీళ్ళు ముంచుకోబోతే కాలికి గుచ్చుకునేవి. "మొక్కలు నాటినట్టు నాటినావే, నీళ్ళు పోస్తా, కాయలు కాసినాక చెప్పు" అనేది. ఆ నూనె వాసన నా వేళ్ళకు, పుస్తకాలకు, జడకు పట్టేసింది. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు పట్టుకుని బల్ల చివరకు జరిగేది. నాకైతే ఏడుపొచ్చేది. ఆ పెన్నులన్నీ పోగుచేసి సముద్రంలో విసిరికొట్టాలనిపించేది.

ఒక రాత్రి భోజనాల దగ్గర అమ్మ తేల్చేసింది. నాలుగు మెతుకులు నోట్లో పెట్టుకుని చేయి ఆపి, "ఇంక నావల్ల కాదు. ఆ కావలి పనికి పోతావా పోవా?" అంది. మామ అక్కడే ఉన్నాడు. నాయన చేపల పులుసు గిన్నె పక్కకు జరిపాడు. మామతో, "ఒక పెన్ను ఇస్తా. ఉప్పు తీసే కాలమంతా దాంతోనే రాయి. మర జారితే నేనే వచ్చి మీ మంచె ఎక్కుతా. జారకపోతే ఆ మాట మళ్ళా ఈ ఇంట్లో ఎత్తబాకండి" అన్నాడు. ఉప్పు తీసేది మంచి ఎండాకాలంలో. తెల్లటి ఉప్పు మీద ఎండ పడి కళ్ళు తెరవనివ్వని చోటు అది. చెమ్మ అనేది దొరకదు. సరిగ్గా ఆ చోటికే పంపుతాడా తన పెన్నును! ఇంతటి మొండితనం ఎక్కడైనా ఉందా?

ఆ పెన్ను కడ్డీ మొదటి నుంచి చివరి దాకా నేనే చేశాను. నాయన తరిమెన మీద పైముక్కలు చెక్కి నా ముందు పెట్టి, "ఇది నీ పెన్ను పాపా, నీ ఇష్టం వచ్చినట్టు తియ్యి" అన్నాడు. అంతకుముందు ఎప్పుడూ అట్లా అనలేదు. గాడి లోతుగా తీశాను, మెలికలు దగ్గర దగ్గరగా వేశాను, వెదురు ముల్లు కొన గాడికి సరిపోయేటట్టు చెక్కాను. కోపంతో చేసినా పని మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాను, ఎందుకంటే నాయన మంచె మీద కర్ర పట్టుకుని కూర్చునే దృశ్యం నాకూ నచ్చలేదు. తిప్పి చూస్తే మర చక్కగా పట్టింది. నాయన తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని తిప్పి, చప్పుడు లేదని తల ఊపాడు.

పది పన్నెండు రోజులు ఏ మాటా లేదు. తర్వాత ఒక మధ్యాహ్నం బడి నుంచి వస్తుంటే కొఠారు దగ్గర మామ నన్ను చూసి కేకేశాడు. "ఇదిగో కాంతా, నీ పెన్ను కూడా అంతే! బస్తా రాస్తుంటే అంకె సగంలో లోపలికి పోతుండాది. మీ నాయనకు చెప్పు" అన్నాడు. చెప్పలేదు. దప్పికకు తెచ్చుకున్న నీళ్ళలో గుడ్డపేలిక ఒకటి తడిపి, పెన్నుకు చుట్టి, "రేపటికి పడతాది మామా, కొంచెం ఓపిక పట్టు" అన్నాను. మా నాయన మాట నా నోటి నుంచే వచ్చింది! వారం రోజులు ఇట్లాగే, రోజూ సాయంత్రం పోయి తడిగుడ్డ చుట్టి రావడం. తర్వాత పరీక్షలు వచ్చి, కొఠారుకు పోవడం కుదరలేదు. ఇంక నాయన మంచె ఎక్కినట్టేనని నిశ్చయించుకుని, ఆయన ముఖం చూడకుండా తిరిగాను.

మొదటి వాన పడి ఉప్పు పని ఆగినాక మామ మా ఇంటికొచ్చాడు. మామ అరుగు మీద కూర్చుని, జేబు మీద చెయ్యి వేసి, అమ్మకేసి చూస్తూ, "జారలేదక్కా. కాలమంతా దాంతోనే రాసినా, ములుకు ఇంత కూడా కదల్లేదు" అన్నాడు. పెన్ను బయటికి తీయలేదు. అమ్మ లోపలికి పోయి పొయ్యి మీద బాన సర్దుకుంది. నాయన నా తల మీద చెయ్యి వేశాడు. నా తడిగుడ్డలే పని చేశాయి కాబోలనుకుని ఆ రాత్రి సంతోషంతో నిద్రపోలేదు. కావలి మాట మళ్ళీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఆ సంతోషం ఖరీదు తర్వాత తెలిసింది. ఒకటి పట్టింది గనుక ఇంకోటి పడుతుందని కాబోలు, నాయన పోయేదాకా పెన్నులు చేస్తూనే ఉన్నాడు, అవి వదులవుతూనే ఉన్నాయి. "అప్పుడు నువ్వు తీసినావే, అట్టా తియ్యి" అనేవాడు. ఎట్లా తీశానో అట్లాగే తీసేదాన్ని, పట్టేది కాదు. నా చేతుల్లో ఏదో పోయిందని నేను కుమిలిపోయిన రోజులున్నాయి. అమ్మ గంప దించకుండానే ముసలిదైంది. ఇప్పుడు మా ఊరికి పోతే కుట్టు పడవ మచ్చుకైనా కనపడదు, అన్నీ ఇంజన్లు పెట్టిన ఫైబరు పడవలే. ఉప్పు గుట్టలున్న చోట రొయ్యల గుంటలు. పెన్ను వదులైతే బాగు చేసేవాళ్ళెవరు, చెత్తబుట్టలో వేస్తారు, ఇంకోటి తీస్తారు. అది మంచిదో చెడ్డదో గాని, ఆడపిల్లలకు ఆదివారాలు మిగులుతున్నాయి. ఆ రోజులు బంగారమని నా ఈడువాళ్ళు అంటుంటే నాకు చిర్రెత్తుకొస్తుంది. నా వేళ్ళ సందుల్లో ఆకురాయి గాట్లు ఇంకా ఉన్నాయి.

కాఫీ తాగి అత్త గ్లాసు కింద పెట్టి, "విప్పి చూడవేందిమే?" అంది. విప్పాను. నేను చేసిన పెన్నే. ములుకు బయటికే ఉంది. రెండు ముక్కలూ కలిసే చోట, వెదురు ముల్లు మీదుగా, వలదారం బిగించి వరసగా చుట్టి ఉంది, పైన తారు పూత. ఎంత తిప్పినా తిరగదు. మర పట్టడం కాదు, మరను కట్టేశారు. దారం చివర కోసం వెతికాను. కొస కనపడలేదు. వేలితో తడిమాను. ముడి కడుపులోనే ఉంది.

"ఇది నాయన ముడి" అన్నాను.

"మీ నాయనదే. మీ మామ, అది మళ్ళా జారిందని చెప్దామని మీ ఇంటికి బయల్దేరతావుంటే, మీ నాయనే మాకాడికి వచ్చినాడు. కర్ర ఊతం పట్టుకోని, ఆ ఎండలో. నువ్వు తడిగుడ్డలు చుట్టి పోతుండేది ఎవరో చెప్పినారంట. వాకిట్లో కూసోని ఇది కట్టి ఇచ్చినాడు."

"మంచె ఎక్కాల్సి వస్తుందనా?"

"దానికి ఒప్పుకునే వచ్చినాడు. రేపట్నించి వస్తాననే మీ మామకు చెప్పినాడు. మీ మామే వద్దన్నాడు, గమ్మునుండు బావా అని. మీ నాయన చెప్పింది ఒకటే. పాప మొట్టమొదట సొంతంగా చేసింది ఇది, జారిందని మాత్రం దానికి చెప్పబాకండి అని."

చెప్పి ఉంటే ఏమయ్యేది! ఇన్నేళ్ళు నా చేతుల్ని నేను తిట్టుకునేదాన్ని కాదు కదా. కోపం ఆపుకోలేక వంటింట్లోకి పోయి చాకు తెచ్చాను. "ఏం చేస్తుండావే?" అని అత్త అంటూనే ఉంది. తారు గీకి, ముడి కడుపులోకి మొన దూర్చి, కొస బయటికి లాగి విప్పేశాను. చూద్దామనుకున్నాను, ఇన్నేళ్ళు కట్టి ఉంచినాక అయినా పట్టిందేమోనని. వెనక ముక్క పట్టుకుని తిప్పాను. గాడిలో ముల్లు ఎక్కడా తగల్లేదు. ములుకు లోపలికి జారిపోయింది, పెన్ను రెండు ముక్కలై నా ఒళ్ళో పడింది.

ముక్కలు రెండూ కలిపి, అదే దారం తీసి, ముందు ఎట్లా ఉందో అట్లాగే చుట్టడం మొదలుపెట్టాను. చుట్టడం వచ్చింది. చివరికొచ్చేసరికి దారం కొస పట్టుకుని ఎటు తిప్పాలో, ఎందులోకి దూర్చాలో తెలియక చేతులు ఆగిపోయాయి. చీకటి పడేదాకా ప్రయత్నించాను. ప్రతిసారీ కొస బయటికే వేలాడుతోంది. నాకు మర ఒక్కటే నేర్పాడు నాయన, ముడి నేర్పలేదు.